అయాన్ దెబ్బ

పెళ్లి ఖాయం చేసుకోవడానికి ధర్మవరం నుంచి పెళ్లివారు బయలుదేరారు. ఇక్కడ హిందూపురంలో పెళ్లికూతురు సుమయ్య ఫోన్ చెవిన పెట్టుకుని గదిలో దూరింది. ఎంతకీ మాటలు తెగవు. పాయసం కలుపుతున్న తల్లి బీబీజాన్‌కు ఒళ్లు మండిపోతోంది.

ఎన్ని సంబంధాలు చూసింది! ఒకరికి పిల్ల చదువు ఎక్కువైంది, ఇంకొకరికి వయసు ఎక్కువైంది. ఇన్నాళ్లకు వీళ్లు ఒప్పుకున్నారు. పెళ్లయ్యాక బెంగళూరులో ఆ పరిశోధన మానేయాలన్నారు, అంతే. అదేమన్నా గొంతెమ్మ కోరికా?

"ఒకసారి అయాన్ తగిలినాక ఇంగ మునుపటి మాదిరి యాడుంటాది అర్చనా!" లోపలి నుంచి వినబడింది. అర్చన ల్యాబులో సుమయ్యతో పాటు పనిచేసే అమ్మాయి.

బీబీజాన్ చేతిలో గరిటె ఆగింది.

సుమయ్య పరిశోధన పలుచటి అయస్కాంత పొరల మీద. విద్యుదావేశమున్న పరమాణువులను, అంటే అయాన్లను, వేగంగా వాటి మీదికి వదులుతారు. ఆ దెబ్బకు లోపలి అమరిక ఎలా మారిందో చూస్తారు. ఈ సంగతి పాపం బీబీజాన్‌కు ఎవరు చెప్పారు? ఆమెకు తెలిసినంతలో అయాన్ అంటే మగపిల్లాడి పేరు.

"వేరేగా ఉండాల్సినవి కలిసిపోయినాయి. ఇంగ విడదీసేది అయ్యే పని కాదు."

బీబీజాన్ వెళ్లి తలుపు బాదింది. "ఎవురే ఆ అయాను?"

"నీకు చెప్పినా అర్థం కాదులేమ్మా!"

అర్థం కాకేం, బాగానే అవుతోంది. ఈ వయసులో ఇది కూడా చూడాల్సి వచ్చిందా అని ఆమెకు దుఃఖం పొంగుకొచ్చింది.

లోపల గొంతు ఇంకాస్త పెరిగింది. "ఇన్నాళ్లూ నిలువుగా ఉన్నిందే, అయాన్ వల్ల అడ్డం తిరిగింది!"

అడ్డం తిరిగిందా! వచ్చినవాళ్ల ముందర కూడా ఇట్లాగే తిరిగితే? ఇక వీధిలో తలెత్తుకునేదెట్లా?

పెళ్లికొడుకు తల్లికి ఫోన్ చేసింది. "యాడుండారు వదినా?"

"పెనుకొండ దాటినాము. వచ్చేసినట్టే."

"వెనక్కి పోండి వదినా. ఈ సంబంధం మాకు కుదరదు. ఏమనుకోవద్దండి."

అవతల ఏదో అడుగుతుంటేనే పెట్టేసింది. "రావద్దని చెప్పేసినా! ఇంగ నీ ఇష్టమొచ్చినట్టు ఊరేగు!" అని తలుపు మీద అరిచి, వంటింట్లో చతికిలబడి ఏడ్చింది. పొయ్యి మీద పాయసం అడుగంటింది.

గదిలో సుమయ్య చెవి దగ్గరి ఫోన్ దించి, పొద్దుటి నుంచి ఆఫ్‌లోనే ఉన్న దాన్ని ఇప్పుడు ఆన్ చేసింది.