చుక్క పెట్టిన ఆకు

"ఇంకొక్క ఆకు కూడా ఇవ్వను బాబూ," అంది దోర్కాస్, కత్తెర వెనక్కి దాచుకుంటూ.

జెర్రీ సైకిల్ ఇంకా గేట్లోనే ఉంది. కాశీబుగ్గ బస్టాండు దగ్గర తన ఎస్టీడీ బూత్ మూసేసి మరీ వచ్చాడతను.

"అలాగనకండి ఆంటీ. ఈసారి తప్పకుండా బతికిత్తాను."

"పోయినసారీ ఇదే మాట సెప్పినావు. ఓసారి దీని అవతారం సూడు."

వసారాలో తొట్టి నిండా చారల చారల ఆకులతో గుబురుగా ఉండాల్సిన పాము మొక్క, ఒక పక్క సగం గుండు కొట్టించుకున్నట్టుంది. ఆ పక్క ఆకులన్నీ జెర్రీకే పోయాయి.

"ఒక్కటివ్వమ్మా," అంది దోర్కాస్ కూతురు రెబెక్కా, గుమ్మంలోంచి. "పాపం, ఎండలో వచ్చారు."

"నువ్వూరుకో. ఈ ఆకుని ముక్కలు కోసి ఇసకలో గుచ్చి మర్సిపోయినా పిలకలేత్తాది. దీన్ని సంపడం ఎవరివల్లా కాదు. అలాటిది ఈ బాబు ఎలాగ సంపుతన్నాడో నాకు తెలవాల." దోర్కాస్ చెప్పులేసుకుంది. "పద, మీ ఇంటికే వత్తన్నాను."

జెర్రీ మొహం పాలిపోయింది. "ఇప్పుడా?"

"ఇప్పుడే."

"ఇల్లు సర్దలేదు ఆంటీ."

"నాకు ఇల్లెందుకు? కుండీలు సూపించు సాలు."

రెబెక్కా ఎవరూ పిలవకుండానే గొడుగు పట్టుకుని బయల్దేరింది.

దారంతా దోర్కాస్ పాఠం చెబుతూనే ఉంది. కోసిన ముక్కని ముందు నీడలో ఆరబెట్టాలట. ఇసక ఎక్కువ కలపాలట. మట్టి పూర్తిగా ఎండితేగానీ నీళ్లు పోయకూడదట. జీడిపిక్కలు కాల్చే పొగకి దగ్గుతూ కూడా ఆపలేదు. ఆమె వెనకాల జెర్రీ, రెబెక్కా ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోకుండా నడుస్తున్నారు. చూసుకుంటే నవ్వొచ్చేస్తుందని ఇద్దరికీ భయం.

జెర్రీ ఇంటి ముందు మెట్ల మీద వరసగా పాత రంగు డబ్బాలున్నాయి. ఒక్కోదాంట్లో ఒక్కో ఆకు ముక్క. అన్నీ కుళ్లిపోయి వాలిపోయాయి. దోర్కాస్ గొంతుక్కూర్చుని ఒకదాన్ని పీకింది. ముక్కు మూసుకుని, దగ్గరగా పెట్టి చూసింది.

"ఒరే, దీన్ని తలకిందులుగా పాతినావు కదరా."

"అంటే?"

"మొదలు పక్క మట్టిలో ఉండాల. కొన పక్క కాదు. ఇలాగ పాతితే ఏరెక్కడ నుంచి వత్తాది?"

రెండోది పీకింది. మూడోదీ. అన్నీ తలకిందులే.

"నీకిలాగ ఎవరు సెప్పినారు?"

జెర్రీ తల గోక్కున్నాడు. "సుక్క ఉన్న పక్క మట్టిలో పెట్టమన్నారండీ."

"ఏటా సుక్క?"

దోర్కాస్ బురద తుడిచి చూసింది. ముక్క కొనన ఎర్రటి చుక్క. గోళ్ల రంగు. ఆమె నెమ్మదిగా కూతురి చేతుల వైపు తిరిగింది. రెబెక్కా వేళ్లు గొడుగు కర్ర వెనక్కి వెళ్లిపోయాయి.

"ఏటే ఇది?"

రెబెక్కా గొడుగు కిందికి దించి మొహానికి అడ్డం పెట్టుకుంది.

"నాకాడే నేర్సుకున్నావు కదా. ఏ పక్క పాతాలో నీకు తెలీదా? ఎందుకలాగ సెప్పినావు?"

రెబెక్కా నేల చూపులు చూస్తూ, "మొక్క బతికితే మళ్లీ రారు కదమ్మా," అంది.

దోర్కాస్ తిట్టడానికే నోరు తెరిచింది. కానీ నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంటే ఇంకా ఎక్కువొచ్చింది. ఆ మెట్టు మీదే కూర్చుని, కుళ్లిన ఆకు చేత్తో పట్టుకుని, కళ్లమ్మట నీళ్లు కారేదాకా నవ్వింది. ఇద్దరికీ ఊపిరొచ్చింది.

"ఎంత పని సేసినావే," అంది కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "ఈ పిల్లడు సూడు, నోట్లో ఏలు పెడితే కొరకలేడు. ఇలాటోడినా నువ్వు ఇన్నాళ్లూ తిప్పుకున్నావు? నీకు కొంచెమైనా అనుమానం రాలేదేటి బాబూ?"

"నాకేం తెలుసండీ," అన్నాడు జెర్రీ, ఎంతో అమాయకంగా.

నవ్వులు విని అతని తల్లి పెరట్లోంచి తడి చేతులతో వచ్చింది.

"మంచి పని సేసినావు వదినా, వచ్చినావు. మీ ఆకుల్లో ఒక్కో ముక్క ఈ మెట్ల మీద తలకిందులుగా గుచ్చి, మిగిలినియ్యన్నీ ఈడు పెరట్లో సక్కగా పాతేత్తన్నాడు. పిలకలేసేసి నూతి కాడికి దారి లేకుండా పోయింది. ఇదేం పనిరా అంటే నవ్వుతాడు తప్ప సెప్పడు. నువ్వైనా అడుగు."