చప్పుడుకు రిపేరు

"చప్పుడు ఆగట్లేదని రాసిండ్రు సార్. ఏదీ, ఈ ఫ్యాను ఊపిరి గూడ తీస్తలేదు!" నిచ్చెన మీంచి అన్నాడు కుమార్.

"ఆగట్లేదు కాదయ్యా, రావట్లేదు! ఫోన్లో మీ ప్రశాంతికి పదిసార్లు చెప్పాను," కింద నుంచి అరిచాడు సోమేశ్వరరావు.

రిపేరు కంపెనీలో చేరాక కుమార్ గచ్చిబౌలి ఫ్లాట్లలో చాలా వింతలు చూశాడు. టీవీకి వారంటీ ఉంది కాబట్టి సీరియల్ బాగుచేయమన్న ఇల్లూ ఉంది. చప్పుడు పోయిందని కంప్లయింటు మాత్రం ఇదే మొదలు.

"పోయిన వారం మా ఓబులేసు బేరింగులు మార్చి, స్క్రూలన్నీ టైటు చేసిండు. చప్పుడు పోయిందంటే రిపేరైనట్టే సార్."

"ఉన్నది పోగొడితే రిపేరా? ప్లాటినం ప్లాన్ అన్నారు, వారంటీ అన్నారు, వారం తిరక్కుండా నోరు నొక్కేశారు! గ్యారంటీ అయినా గారె అయినా వేడి మీదే అడగాలి. పెట్టు, దాని చప్పుడు దానికి పెట్టు!"

కుమార్ నవ్వాపుకున్నాడు. సోమేశ్వరరావు గొంతు తగ్గింది.

"లింగంపల్లి ఇంట్లో ముప్ఫై ఒక్క ఏళ్లు తిరిగిందయ్యా ఇది. అప్పుడు ఇటంతా బండరాళ్లూ సీతాఫలం చెట్లే. టక్... టక్... ఆ తాళానికే మా అమ్మాయి నిద్రపోయేది, మా ఆవిడ మజ్జిగ చిలికేది. రెండు నెలల కిందట ఆ ఇల్లు అమ్మి ఇక్కడికొస్తుంటే ఈ ఫ్యాను తప్ప ఆవిడ ఏమీ అడగలేదు. చలికాలంలోనూ ఆపం. జనరేటరు ఉందనే ఈ ఫ్లాటు కొన్నాను."

"గంత మురిపెమా సార్!"

"మురిపెం సరే. చప్పుడు ఆగిన మర్నాటి నుంచి ఆవిడ హాల్లో అడుగు పెట్టలేదు. అన్నం కూడా గదిలోకే. ఇట్లా ఎన్నాళ్లు?"

కుమార్ అటు చూశాడు. పరదాలు వేసిన గదిలో లైటైనా లేదు. ఆయన భార్య బాలాత్రిపురసుందరి మంచం అంచున కూర్చుని ఉంది. ఫ్యాను మీద అలిగేటోళ్లను ఇప్పుడే చూస్తున్న అనుకున్నాడు.

"పాడు చేసుడు ప్లానుల లేదు సార్. ఆఫీసుల తెలిస్తే నా పని ఖతం."

"ఐదు స్టార్లిస్తానయ్యా!"

"ఈ బిల్డింగుల నడుమ ఆకాశంల గూడ గన్ని కనిపిస్తలేవు. ఇయ్యుండ్రి మరి."

ఫ్యాను రాడ్డుకు పైనున్న గిన్నెలాంటి మూత స్క్రూ అరచుట్టు వదులు చేసి స్విచ్చేయించాడు. టకటకటక...

"అంత తొందర కాదు బాబూ," గదిలోంచి ఆమె గొంతు.

ఆపి, పావుచుట్టు బిగించి, మళ్లీ వేయించాడు. టక్... టక్...

"ఆఁ, అదీ!"

ఆమె లేచింది. కుమార్ దిగాడో లేదో, సోమేశ్వరరావు గబగబా నిచ్చెన గోడకు లాగేశాడు. మోకాలి కట్టుతో కుంటుతూ ఆమె తిన్నగా వచ్చి ఫ్యాను కింద కుర్చీలో కూర్చుంది. ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

కుమార్ ఫోను మోగింది. స్పీకరులో ప్రశాంతి.

"చప్పుడు ఆగిందా?"

"ఆగలే. వచ్చింది!"

"అదేంటి?"

రావట్లేదంటే ఆగట్లేదని రాసుకున్న ముచ్చటంతా కుమార్ విప్పి చెప్పాడు. అందరూ పగలబడి నవ్వారు.

"అయినా చప్పుడు కావాలని ఎవరైనా అడుగుతారా అమ్మా?" అంది ప్రశాంతి.

బాలాత్రిపురసుందరి గొంతు వినబడ్డ వైపు ముఖం తిప్పింది.

"నాకు చూపు లేదు తల్లీ, ఆ చప్పుడే నా దారి."