ముఖచిత్రం మీద నల్లపిల్లి

రండి రండి, ఇలా దగ్గరికి జరగండి. ఆ మూల గుసగుసలు ఆపండి. నవ్వు చివర్లో ఉంది, ఇప్పుడే ఖర్చు పెట్టేసుకోకండి.

ఒక పత్రికలో ముఖచిత్రాలు గీసే బొమ్మలాయన ఉండేవాడు. ఆ రోజు ఆయన తెచ్చిన బొమ్మని ఎడిటర్ రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుక తోక పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

“ఇది మనిషా, దండెం మీద ఆరేసిన చొక్కానా? ఇందులో జీవం ఏదయ్యా?”

“వీధిలో అందరూ ఇలాగే ఏడుస్తున్నారు సార్.”

“నువ్వు చూస్తే కదా! నేను రోజూ భోజనమయ్యాక బయటికెళ్ళి, కళ్ళు ఇంతింత చేసుకుని జనాన్ని చూసొస్తాను. రేపటికి బొమ్మలో జీవం కనబడిందా సరే. లేదంటే నీ కుంచెలు సర్దుకో.”

అంటూ క్రాపు తడుముకున్నాడు. నల్లగా నిగనిగలాడే క్రాపు. పాపిడి స్కేలు పెట్టి గీసినట్టుండేది. “క్రమశిక్షణ నెత్తి మీంచే మొదలవ్వాలి” అనేది ఆయన ఊతపదం.

ఎదుటివాణ్ణి గడ్డిపరకలా తీసిపారెయ్యడంలో బొమ్మలాయన కూడా తక్కువ తినలేదు. మర్నాడు మధ్యాహ్నం పెన్సిలు చెవిలో దోపుకుని బయల్దేరాడు. బస్సు మెట్ల మీద కీచులాడుకునే గుమాస్తాలని చూశాడు. ఫోనులో మొగుణ్ణి వీధంతా వినేలా కడిగేస్తున్న ఇల్లాలిని చూశాడు. అద్దంలో తన మీసమే చూసుకుంటూ ఎవరి చెవో కత్తిరించబోయిన మంగలిని చూశాడు.

‘ఛీ, ఇవీ మొహాలే! వెనక అట్ట మీద పళ్ళపొడి ప్రకటనకి కూడా పనికిరావు’ అనుకున్నాడు.

కాళ్ళు లాగుతుంటే పార్కులోకి దూరాడు. అక్కడ దొరికాడు వాడు!

బెంచీ మీద ఒకడు వెల్లకిలా పడి నిద్రపోతున్నాడు. బట్టతల ఎండకి ఇత్తడి చెంబులా మెరుస్తోంది. మొహం మీద చేతిరుమాలు. గురక పెట్టినప్పుడల్లా అది లేచి పడుతోంది. బొజ్జ మీద ఓ నల్లపిల్లి ముడుచుకుని పడుకుంది. దాని తల ఎటో, తోక ఎటో ఆ దేవుడికే తెలియాలి.

‘ఆఫీసు వేళ ఈ గురకేంట్రా, తిండికి చేటు, భూమికి బరువు! నీ పిల్లి కూడా నీలాంటిదే’ అని తిట్టుకుంటూ గీసేశాడు. తిట్టుకుంటూ గీశాడేమో, బొమ్మ అద్భుతంగా కుదిరింది.

సాయంత్రం బొమ్మ చూసి ఆఫీసంతా పగలబడి నవ్వింది. ఎడిటర్ మాత్రం బొమ్మని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

“ఎవడో పనికిమాలినోడు సార్,” అన్నాడు బొమ్మలాయన హుషారుగా. “జీవం ఉందా లేదా చెప్పండి.”

“ఉంది. నీ ఉద్యోగానికేం ఢోకా లేదు. కానీ... ఆ పిల్లిని తీసెయ్.”

“అయ్యో, బొమ్మకి ప్రాణమే ఆ పిల్లి సార్!”

పార్కు గేటు దగ్గర టీ అమ్మే పెద్దావిడ అప్పుడే ఆఫీసుకి టీలు పట్టుకొచ్చింది. బొమ్మ చూసి బుగ్గన వేలేసుకుంది.

“తీసెయ్యకు నాయనా, పాపం! దానికేం రోగమో, రోజూ పాలు పెడుతున్నా ముట్టదు. ఎడిటర్ బాబుగారే నయం, నిద్ర లేవగానే దాన్ని దులిపి, నెత్తి మీద ఎక్కించుకుని ఆఫీసుకి తెచ్చేస్తారు!”