కాల్షియానికి కాపలా

"ఆ మాట ఆయన చెవిన పడిందంటే ఊరుకోను!" వంటింట్లో గొంతు తగ్గించి అంది ప్రొఫెసర్ గారి భార్య. "పొద్దున తిన్నారో లేదో కూడా గుర్తుండటం లేదు. ఆ సిద్ధాంతం ఒక్కటే మిగిలింది ఆయనకి. దాన్నీ లాగేసుకుంటావా?"

శిష్యురాలు తల వంచుకుంది. మెదడు కణంలోకి కాల్షియం వరదలా వచ్చిపడితే కణం చస్తుంది. ఆ కాల్షియాన్ని పట్టి ఉంచే ప్రొటీన్ కాపలా ఉంటే బతికి బట్టకడుతుంది. ఇదే ఆయన సిద్ధాంతం, పాఠ్యపుస్తకాలకెక్కింది. ఆమె ప్రయోగాలేమో దానికి అడ్డం తిరిగాయి. రేపు శాస్త్రవేత్తల సభలో ఆ సంగతి చెప్పాలి. గురువుగారికి తెలియకుండా నోరు విప్పడానికి మనసొప్పక వచ్చింది.

"ఏమిటా గుసగుసలు? ఇలా రామ్మా," ముందుగదిలోంచి పిలిచారు ప్రొఫెసర్. "ల్యాబ్‌లో ఏమిటి విశేషాలు?"

భార్య గుడ్లురిమింది. శిష్యురాలు వెళ్ళి ఆయనెదురుగా కూర్చుంది.

"ఎవరో పెద్దాయన చెప్పిన మాటొకటి నిలబడేలా లేదు సార్," అంటూ ఆ ప్రొటీన్ సంగతీ, రేపటి సభ సంగతీ చెప్పింది.

ఆయన ముందుకి వంగారు. "ఆ ప్రొటీన్ పుట్టుకతోనే లేని ఎలుకల్లో చూశావా?"

"చూశాను. మెదడుకి రక్తం అందనప్పుడు వాటి కణాలే ఎక్కువ బతికాయి."

"దాని బదులు ఇంకో ప్రొటీన్ ఆ పని చేసిందేమో?"

"నాకూ అదే అనుమానం వచ్చి వెతికాను సార్. అలాంటిదేదీ దొరకలేదు."

ఆయన కిటికీవైపు తిరిగారు. ఉన్నట్టుండి తొడ చరిచి నవ్వారు.

"అయితే ఆ పెద్దాయన పప్పులో కాలేశాడన్నమాట! నిక్షేపంగా చెప్పెయ్. మొహమాటపడితే సైన్సు సాగదు."

తలుపు చాటున భార్య "హమ్మయ్య" అనుకుంది. శిష్యురాలికి మాత్రం ఆ నవ్వు ముల్లులా గుచ్చుకుంది. జీవితమంతా ధారపోసి నిలబెట్టిన మాట, తనదేనని కూడా మరిచిపోయారే!

"వెళ్ళొస్తాను సార్" అని లేచింది. వద్దంటున్నా ఆయన గోడ పట్టుకుని గేటుదాకా వచ్చారు. భార్య వినడం లేదు కదా అని వెనక్కి చూసుకుని, మెల్లగా అన్నారు.

"రేపు సభలో 'ఎవరో పెద్దాయన' అనకమ్మా. నా పేరే చెప్పు."