ఫ్యాన్ల మోత

షాద్‌నగర్, 10 మే 1999

చెల్లె తాహేరాకు,

నీ మోకాళ్లు ఎట్లున్నాయి? మరిది దగ్గు తగ్గిందా? మనవరాలి ఒంటిమీద పొక్కులు మానాయా? పిల్లను ఎండలో తిప్పకు, నాకు ఒకటే ఫికర్.

ఇక్కడ నా కొడుకు ఆజం పెళ్లి వీడియోలకు బొమ్మలు చేసే కంప్యూటర్ తెచ్చాడు కదా. అందులో బొమ్మల కార్డులు రెండు. ఈ ఎండలకు అవి పెనంలా కాలుతున్నాయి. చల్లార్చే ఫ్యాన్లేమో పిండిగిర్నీలా మోత. "ఇంట్ల ఉండాల్నా, బయట పడాల్నా?" అని వాడితో పోట్లాడాను.

పాపం, పెట్టె కింద బొంత మడిచి పెట్టాడు. కిటికీకి తడి వట్టివేళ్ల తడక కట్టాడు. మోత రోజురోజుకూ తగ్గింది. మసీదు మైకు కూడా ఈమధ్య మెల్లగానే పెడుతున్నారు. ప్రాణం కుదుటపడింది.

నిన్న చూస్తే మోత మొత్తమే ఆగింది. ఫ్యాన్లు ఆగితే కార్డులు కాలిపోతాయని వాడే చెప్పాడు. మా ఇల్లు గడిచేది దాని మీదే. "కాలిపోతాందిరా!" అని అరిచి ప్లగ్గు పీకేశాను.

ఆజం ఉరికొచ్చి మళ్లీ పెట్టాడు. ఫ్యాన్లు గిరగిరా తిరుగుతున్నాయి, నా చేతికి గాలి కొడుతోంది. చప్పుడు లేదు. వాడి నోరు కదులుతోంది. మాట లేదు.

చివరికి కాగితం మీద రాసి చూపించాడు: "అమ్మీ, మోత ఎన్నడు తగ్గలే. నువ్వే అలవాటు పడ్డవనుకున్న."

చెవుల డాక్టరుకు చూపించుకోవడానికి నల్లగొండకు మీ ఇంటికే వస్తున్నా. బస్టాండుకు నువ్వే రా. వెనక నుంచి "ఆపా" అని పిలవకు, ముందుకొచ్చి చేయి పట్టుకో. శనివారం, 22వ తేదీ.