గాలి లేని పూట గాలిమర

2020 ఏప్రిల్ ఇరవై ఆరు. ఆ పొద్దున నర్సింగం తిన్నది సగం సర్వపిండి. డబ్బాలో పిండి అడుగుకు వచ్చిందని చిన్నవ్వ ఒక్కటే కాల్చి, రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క అతనికి పంపింది. అది తిని చెయ్యి కడుక్కుని, నర్సింగం బతుకులో మొదటిసారి ఒకరిని మోసం చేయడానికి తన బిల్డింగు డాబా ఎక్కాడు.

గుజరాతీ మిల్లుల ఊరు వడోద్‌లో లాక్‌డౌన్‌తో మగ్గాలు ఆగి నెల దాటింది. నర్సింగం వాటిని బాగుచేసే ఫిట్టర్. భార్య పోయిన ఈ మూడేళ్ళూ అతనికి ఇంత కూర పంపింది ఎదురు బిల్డింగు చిన్నవ్వే. ఇప్పుడు ఆమెకే ఆపదొచ్చింది. నలభై ఏళ్ళు మగ్గాల దుమ్ము పీల్చిన ఛాతీ ఆమెది. నోట్లో పెట్టుకుని పీల్చే మందు అయిపోవచ్చింది. దవాఖానలు బందు. మందుల దుకాణాల్లో సరుకు లేదు.

సముద్రం వైపు గాలిమరలతో కరెంటు తీసే కంపెనీ ఒకటి ఉంది. వచ్చిన దాంట్లో కొంత చుట్టుపక్కల బస్తీలకు ఖర్చుపెడుతుంది. ఒకచోట బడికి కప్పు వేసింది, ఇంకోచోట బోరు తవ్వించింది. ఈ ఏడు డాక్టరుతో, మందులతో వ్యాను తిప్పుతోంది. షరతు ఒక్కటే. బస్తీలో నిలబడి చూస్తే గాలిమర కనబడాలి. కనబడితేనే పొరుగు.

వడోద్‌లో నిలబడితే కనబడేవి పొగగొట్టాలు, నీళ్ళ ట్యాంకులు.

"దూరమున్నది చిన్నగ కనవడ్తది గదా, మామా. మనమే దగ్గర్ల చిన్నది వెడ్తే అయిపాయె!" అన్నాడు కమలాకర్. చిన్నవ్వ ఉండే బిల్డింగులోనే అతనూ ఉంటాడు. గుజరాతీ బాగా వచ్చు కాబట్టి బస్తీ దరఖాస్తులన్నీ అతని చేతివే.

"దొరికితే ఏంది?"

"దొరికితే నువ్వు ఫిట్టర్‌వు, నేను తెల్వనోన్ని."

కమలాకర్ తమ బిల్డింగు డాబా తాళంచెవి సేఠ్‌ను బతిమాలి తెచ్చాడు. కిరాయికుండేవాళ్ళను సేఠ్ ఎన్నడూ ఆ డాబా ఎక్కనివ్వడు. గాలిమర కనబడుతుందో లేదో చూసి రాసుకోవడానికి వచ్చే కంపెనీ సాబును నిలబెట్టడానికి అంతకన్నా మంచి చోటు లేదు. ఒకవైపు రంగుల మిల్లు గోడ, రెండు వైపులా ట్యాంకులు. ఎంత కళ్ళున్న మనిషైనా చూస్తే నర్సింగం డాబా వైపే చూడాలి. అక్కడ పైపు మీద తెల్లరంగు వేసిన మూడు రేకు రెక్కలు రెడీగా ఉన్నాయి.

సాబు పదకొండింటికి వచ్చాడు. సరిగ్గా అప్పుడే గాలి ఆగింది.

రెక్క కదల్లేదు. నర్సింగం పిట్టగోడ వెనక బోర్లా పడుకుని, రెక్కలకు తగిలించిన పాత మగ్గం బెల్టు పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు. కింద కాలే డాబా, పైన ఎండ. లోకంలో గాలిమరలన్నిటినీ గాలి తిప్పుతుంటే, ఈ ఒక్కదాన్ని నర్సింగం తిప్పాడు. తల ఎత్తడానికి లేదు. ఎదురు బిల్డింగులోంచి చిన్నవ్వ దగ్గు మాత్రం వినబడుతూనే ఉంది.

ఇరవై నిమిషాల తర్వాత కమలాకర్ ఈల వేశాడు.

"పాస్, మామా! మెట్ల మీద చిన్నవ్వ దగ్గు ఇని జరసేపు ఆగిండు. మీదికొచ్చి నీ పంఖా దిక్కే చూసిండు. మాస్కుల నవ్విండో ఏమో గని, కాగితం మీద మాత్రం టిక్కు వెట్టిండు."

నాలుగో రోజున వ్యాను వచ్చింది. చిన్నవ్వకు రెండు నెలల మందు దొరికింది. ఆ రాత్రి బస్తీలో దగ్గు వినబడలేదు.

"ఇగ పదేండ్ల దాంక నన్ను సతాయించక తప్పది," అన్నాడు నర్సింగం, తెల్లారి ఆమె గడప ముందు దూరంగా కూర్చుని.

"పదేనా? మంచిగ లెక్కవెట్టు," అంది చిన్నవ్వ.

మందుతో ఆమెకు రాత్రుళ్ళు నిద్ర పట్టింది కానీ అతనికి కరువైంది. నిజంగా గాలిమర కనబడే ఏ బస్తీలోనో, ఇట్లాగే దగ్గే ఇంకో ముసలమ్మ ఉంటే? ఆమె వంతు తాను కాజేశాడేమో? వారం తర్వాత వ్యాను వెంట సాబు మళ్ళీ వచ్చినప్పుడు, కమలాకర్ లేని సమయం చూసి, వచ్చిన హిందీలో అంతా చెప్పేశాడు.

"శిక్ష నాకు వేయండి సాబ్. వ్యాను మాత్రం ఆపకండి."

సాబు కాసేపు అతని బొబ్బలెక్కిన అరచేతుల వంక చూశాడు.

"ఏది, ఆ రేకులదా? పావురాలను బెదరగొట్టడానికి పెట్టారనుకున్నాను."

"మరి టిక్కు?"

"నేను అసలువే చూశానయ్యా! మిల్లులు ఆగి పొగంతా పోయింది కదా. మెట్లెక్కి తలుపు దాటగానే ఎడమకు తిరుగు. ఆ మూల నుంచి మూడు గాలిమరలు, పాలలా తెల్లగా కనబడ్డాయి. నీ పంఖాతో పనే పడలేదు. పో, హాయిగా పడుకో."

నర్సింగానికి ఒళ్ళు తేలికైంది. ఎండలో పడ్డ పాట్లు తలుచుకుంటే నవ్వొచ్చింది. దీపాలు పెట్టే వేళకు కమలాకర్ దగ్గర తాళంచెవి అడిగి తీసుకుని, చిన్నవ్వ బిల్డింగు మెట్లెక్కాడు. ఇన్నేళ్ళుగా కళ్ళెదుట ఉండీ పొగ చాటున దాగిన గాలిమరలను తాను ఒక్కసారి చూసి, రేపు ఆమెకు వర్ణించి చెప్పాలని ఆశ. మెలికలు తిరిగిన ఆ మెట్లు నాలుగంతస్తులెక్కేసరికి ఏ దిక్కు ఎటో తెలియలేదు.

తలుపు తీసి, గడప దాటి, సాబు చెప్పినట్టే ఎడమకు తిరిగాడు.

ఎదురుగా, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర, ఇంకో రెండంతస్తుల ఎత్తున రంగుల మిల్లు గోడ నిలబడి ఉంది. నర్సింగం దానికే ఒక దండం పెట్టి, కింద అప్పుడే కునుకు పట్టిన చిన్నవ్వకు చప్పుడు కాకుండా, తలుపు మెల్లగా మూశాడు.