చెట్లకు పేరడిగిన మనిషి

రఘునాథపల్లి నుంచి రేగొండ దాకా నాకు పేరు తెలియని మొక్క లేదు. అనుమానముంటే కళ్లకు గుడ్డ కట్టి, ఆకు చేతికివ్వండి. వాసన చూసి దాని పేరు చెబుతాను, దాని తాత పేరూ చెబుతాను.

ఈ విద్య నాకు అబ్బడానికి కారణం సాంసన్ అనే మనిషి.

రజాకార్లు పోయి మిలిటరీ దిగిన రోజులు. నర్సింహులపేట అవతల, అడవి అంచున ఒక తండా. దళంలో తిరిగే టీక్యా కాలికి తూటా తగిలి, తండా వెనుక పొదల్లో దాక్కున్నాడు. తూటా బయటికి పోయింది గానీ పుండు మానలేదు. భార్య చాందీ రోజూ ఆకు నూరి కడుతోంది.

అప్పుడొచ్చాడు సాంసన్. చంకలో తోలుపట్టీతో బిగించిన రెండు చెక్కలు, వాటి నడుమ కాగితాలు, కాగితాల్లో ఎండుతున్న రెమ్మలు.

"ఇదేం చెట్టు? అదేం చెట్టు?"

కనబడినదానికల్లా పేరడిగాడు.

తండా పెద్ద జాల్యా అందరి చెవినా ముందే వేశాడు.

"మనుషుల పేర్లే కాదు, చెట్ల పేర్లు గూడ చెప్పకుండ్రి. ఏ పేరు ఎటు తీస్తదో!"

ఇంకేం? తంగేడును పిల్లికాలు అన్నారు. మోదుగను అత్తముక్కు అన్నారు.

సాంసన్ కాదనలేదు.

"మీరేం పిలిచినా సరే. వీటికీ మనలాగే ఇంటిపేరు, సొంతపేరు ఉంటాయి. ఎవరు ఏ ఇంటివాళ్లో పువ్వు చూస్తే తెలుస్తుంది. వంకాయ, ఉమ్మెత్త ఒకే ఇంటివి."

"ఉమ్మెత్తనా? తింటే పిచ్చి లేస్తది గద సారూ!"

"ప్రతి ఇంట్లో ఒకడుంటాడమ్మా."

చాందీ నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అరచేతి నిండా బొబ్బలు.

సాంసన్ చూశాడు. "ఏం నూరుతున్నావు?"

"గాయపాకు."

"ఎవరికి?"

చాందీ చెయ్యి వెనక్కి దాచుకుంది. "మేకకు. కాలికి దెబ్బ తాకింది."

"ఆ మొక్క చూపించు."

చూపించింది. తండాలో పుండు మీద కట్టే ఆకు ఏదైనా గాయపాకే.

"ఆకు అట్లాగే ఉంది. పువ్వు చూడు, గుత్తులు గుత్తులు. గాయపాకుకైతే పొడుగు కాడ మీద ఒక్కటే పువ్వు. నడుమ పసుపు, చుట్టూ తెల్ల రేకులు. ఈ రెండింటికీ చుట్టరికం లేదు. చేతినే కాల్చింది, పుండును మాననిస్తుందా?"

గట్టు మీద వెతికి అసలు మొక్క తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"ఉప్పు వేసి కాచిన నీళ్లతో కడిగి ఇది కట్టు. కాలు కదపొద్దని మేకకు చెప్పు."

ఆయన అటు పోగానే జాల్యా ఎగిరాడు. "మేకకు చెప్పుమన్నడంటే వానికి ఎరుకైంది! సీఐడి గాడు. ఆ ఆకు అవతల పారెయ్!"

టీక్యాను మోసుకుపోయి వాగు అవతల దాచారు. చాందీ మాత్రం ఆకు పారేయలేదు. ముందు తన అరచేతికి కట్టుకుంది. మంట చల్లబడింది. అప్పుడు మొగుడి కాలికి కట్టింది.

మిలిటరీ లారీలు వస్తాయని తండా అంతా చెవులు నిక్కించుకుని కూర్చుంది. ఒక్కటీ రాలేదు. పుండు మానింది.

మిలిటరీ క్యాంపు ఎత్తేశాక, అక్కడ వంట చేసిన రాధమ్మ తండాకు వచ్చింది.

"మీ మీదికి రాను లారీ తయారు పెట్టిండ్రు బిడ్డా. ముందుగాల చూసి రమ్మని చెట్ల పిచ్చి ఉన్న డాక్టరు సారును తోలిండ్రు. వచ్చి ఏమన్నడో ఎరుకనా? 'అంత తిరిగిన, చెట్లు తప్ప ఏం లేవు. ఒక్క కుంటి మేక ఉన్నది, గది మానుతది' అన్నడు."

టీక్యా దిగ్గున లేచాడు. "యాడున్నడు గాయిన?"

"క్యాంపుతోనే పాయె."

టీక్యా చాలాసేపు దారి వైపు చూస్తూ నిలబడ్డాడు, రెండు కాళ్ల మీదా బరువు మోపి.

ఆ తండా పక్క ఊరే మాది. నాకు తెలిసిన చెట్ల పేర్లలో సగం ఆనాడు ఆయన్ను ఏమార్చడానికి తండావాళ్లు అల్లినవే. మోదుగను నేను ఇప్పటికీ అత్తముక్కు అంటే మా మనుమరాళ్లు పడీపడీ నవ్వుతారు.

ఇక ఈ కథలో నేను సొంతంగా అల్లింది సాంసన్ అన్న పేరొక్కటే. చెట్టుచెట్టుకూ పేరడిగిన ఆ మనిషిని, నీ పేరేందని ఎవరూ అడగలేదు.